మిర్రర్‌లెస్ కెమెరా: గోదావరి జిల్లాల ఫోటోగ్రాఫర్లు పదేపదే అడిగే ప్రశ్నలు

ప్రతి మాఘానికీ, ప్రతి శ్రావణానికీ ముందు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల మీద ఇవే అనుమానాలు. రాజమండ్రి నుంచి నరసాపురం దాకా, అమలాపురం నుంచి భీమవరం దాకా అడిగేవాళ్ళు మారతారు, ప్రశ్నలు మారవు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాం. ఇది కెమెరాతో ఇల్లు గడుపుకునేవాళ్ళ కోసం: పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, తీర్థాలు తీసేవాళ్ళ కోసం. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు.

## కొనేముందు

నా డీఎస్‌ఎల్‌ఆర్ (అద్దం ఉన్న పాత రకం కెమెరా) ఇంకా బాగానే పనిచేస్తోందండి. అయినా మారాలా?

స్టేజీ మీద ఫ్లాష్ వేసి గ్రూపు ఫోటోలు తియ్యడమే మీ పనిలో ఎక్కువ భాగమైతే తొందరేం లేదు. ఆల్బమ్ చూసే పెళ్ళివారికి లోపల అద్దం ఉన్న కెమెరానా లేనిదా అన్నది తెలియదు. మారితే లాభం మూడు చోట్ల కనిపిస్తుంది. కంటి మీద ఫోకస్ ఫ్రేము మూలల్లో కూడా పడుతుంది కాబట్టి ఎఫ్/1.8 దగ్గర (లెన్సు కన్ను బాగా తెరిచి) ధైర్యంగా తియ్యొచ్చు. ఒకే బాడీతో ఫోటో, వీడియో రెండూ ఫోకస్ తప్పకుండా నడుస్తాయి. తీసేముందే వెలుగు ఎలా వస్తుందో కంటికి కనపడుతుంది. కెనాన్, నికాన్ రెండూ 2018లో ఫుల్ ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మ్ అంత పెద్ద సెన్సర్ ఉన్న) మిర్రర్‌లెస్‌లోకి వచ్చాయి. అప్పట్నుంచి కొత్త లెన్సులు దాదాపు అన్నీ ఆ వైపే వస్తున్నాయి, కాబట్టి ఎప్పటికైనా మారక తప్పదు. కానీ ఉన్న డబ్బంతా బాడీకే అయిపోయి లెన్సుకీ, రెండో బాడీకీ ఏమీ మిగలకపోతే ఒక సీజన్ ఆగడమే నయం.

ఫుల్ ఫ్రేమ్ లేకపోతే పెళ్ళి పనికి పనికిరాదంటున్నారు, నిజమేనా?

సగం నిజం. ఒకే లెన్సు, ఒకే ఐఎస్‌ఓ (వెలుగు పట్టే సున్నితత్వం) పెడితే, ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నదైన క్రాప్ సెన్సర్‌లో నాయిస్ (గరుకు చుక్కలు) ఒక స్టాప్‌కి (వెలుగు రెట్టింపయ్యే ఒక మెట్టు) కాస్త అటూఇటూగా ఎక్కువ. ఎఫ్/2.8 జూమ్ పెట్టిన క్రాప్ బాడీ ఇంచుమించు ఎఫ్/4 జూమ్ పెట్టిన ఫుల్ ఫ్రేమ్‌లా ప్రవర్తిస్తుంది, వెలుగులోనూ, వెనక మసకలోనూ. లైట్లు బాగా వేసిన మండపంలో ఐఎస్‌ఓ 1600, 3200 దగ్గర తేడా ఆల్బమ్ సైజులో తెలియదు. రాత్రిపూట ఊరేగింపులో, వీధి దీపాల కింద తెలుస్తుంది. సిగ్మా 18-50 ఎఫ్/2.8, టామ్రాన్ 17-70 ఎఫ్/2.8 లాంటి లెన్సుతో క్రాప్ బాడీ మంచి రెండో కెమెరా. మొదటిది కూడా అదే అయితే 35, 50 మిల్లీమీటర్లలో ఎఫ్/1.4 ప్రైమ్ (జూమ్ లేని లెన్సు) ఒకటి జతచెయ్యండి.

సోనీయా, కెనానా, నికానా?

ముందు మీతో పనికొచ్చే రెండో ఫోటోగ్రాఫర్ దగ్గర ఏముందో చూడండి. ముహూర్తం వేళ లెన్సు మొరాయిస్తే ఆదుకునేది పక్కవాడి సంచే గానీ యూట్యూబ్ రివ్యూ కాదు. మీకు దగ్గర్లో అద్దెకు దొరికే లెన్సులు ఏ మౌంటువో (బాడీకి బిగించే అమరిక) కూడా కనుక్కోండి. సోనీకి సిగ్మా, టామ్రాన్ లెన్సులు ఎక్కువ, కాబట్టి తక్కువ డబ్బులో ఎక్కువ రకాలు సమకూరతాయి. కెనాన్ ఆర్‌ఎఫ్‌కి ఫుల్ ఫ్రేమ్‌లో ఆ వెసులుబాటు బాగా తక్కువ, కానీ పాత ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో చక్కగా నడుస్తాయి. నికాన్ జెడ్ వైపు 24-120 ఎఫ్/4 ఒక్కటే రిసెప్షన్ మొత్తం లాగేస్తుంది. రంగులు ఎవరివి బాగుంటాయన్న గొడవ రా ఫైలు (కెమెరా ఇచ్చే ముడి ఫైలు) ఎడిట్ చేసేవాళ్ళకి అనవసరం.

కొత్త చిన్న బాడీ కొననా, సెకండ్ హ్యాండ్‌లో పెద్ద బాడీ తీసుకోనా?

డబ్బు తీసుకుని చేసే పనికి రెండు కార్డు స్లాట్లు ఉన్నదే తీసుకోండి, సెకండ్ హ్యాండ్ అయినా సరే. జీలకర్ర బెల్లం మళ్ళీ పెట్టించలేం. కెనాన్ ఆర్8 ఫోటో నాణ్యతలో బంగారం, కానీ ఒకటే స్లాటు, చిన్న బ్యాటరీ. నికాన్ జెడ్6 మొదటి మోడల్‌కి ఒకటే స్లాటు, జెడ్6 టూకి రెండు. కెనాన్ ఆర్6కి రెండు. సోనీ ఎ7 త్రీకి కూడా రెండున్నాయి, అయితే వాటిలో ఒకటే వేగంగా రాసేది. 2018 నాటి ఎ7 త్రీ ఈరోజుకీ పెళ్ళికి సరిపోతుంది. మిగిలిన డబ్బుతో 85 ఎఫ్/1.8 లెన్సు కొంటే ఫోటోలో కనపడే మార్పు కొత్త బాడీ కంటే ఎక్కువ.

నా పాత లెన్సులు అడాప్టర్ పెడితే పనిచేస్తాయా?

కెనాన్ ఈఎఫ్ లెన్సులు కెనాన్ సొంత అడాప్టర్‌తో ఫోకస్, స్టెబిలైజర్ (చెయ్యి వణుకుని సర్దేది) అన్నీ పనిచేస్తాయి. అడాప్టర్‌లో గాజు ఏమీ ఉండదు, ఈఎఫ్ మౌంటు సెన్సర్‌కి 44 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే ఆర్‌ఎఫ్ 20 దగ్గరే ఉంటుంది, మధ్యలో ఖాళీని అది నింపుతుందంతే. నికాన్ వాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటారు లేదు. లోపల సొంత మోటారున్న ఏఎఫ్-ఎస్ లెన్సులు ఫోకస్ చేస్తాయి. మన దగ్గర ప్రతి స్టూడియోలో ఉండే 50 ఎఫ్/1.8డి, 85 ఎఫ్/1.8డి, 80-200 డి లెన్సులు మాత్రం చేత్తో తిప్పుకోవాల్సిందే. లెన్సు పేరు మొదట ఏఎఫ్-ఎస్ అని ఉందో, ఉత్త ఏఎఫ్ అని ఉందో చూసుకున్నాకే లెక్క వేసుకోండి.

సెకండ్ హ్యాండ్ బాడీ చూసేటప్పుడు ఏమేం చూడాలి?

పగటిపూట, మీ లెన్సు, మీ రెండు కార్డులు, టార్చి లైటు పట్టుకుని వెళ్ళండి. ఎఫ్/16 పెట్టి తెల్లగోడని ఫోకస్ తప్పించి తియ్యండి. మసక చుక్కలు దుమ్ము, తుడిస్తే పోతాయి. ఎన్ని ఫోటోల్లోనైనా అదే చోట కనపడే రంగు గీత, రంగు మచ్చ అయితే సెన్సర్ కాలిందన్నమాట, వదిలెయ్యండి. రెండు స్లాట్లలోనూ ఫోటో రాయించండి. పది నిమిషాలు 4కె వీడియో నడపండి. హాట్ షూ మీద ఫ్లాష్ పెట్టి ఇరవై సార్లు వేయించండి, వదులుగా ఉంటే మధ్యలో పేలదు. లెన్సు బిగించి మెల్లగా అటూఇటూ కదిపితే మౌంటు ఆడకూడదు.

డెల్టాలో ఇంకో పరీక్ష ఉంది. బ్యాటరీ గదిలో రేకుల మీద ఆకుపచ్చ చిలుం ఉందా, అడుగున స్క్రూల తలలు తుప్పుపట్టాయా చూడండి. ఉంటే ఆ కెమెరా వరదలోనో, వానలోనో, సముద్రపు గాలిలోనో గడిపిందని అర్థం. ఇవాళ పనిచేసినా కొన్నాళ్ళ తర్వాత బోర్డు పోవచ్చు. షట్టర్ కౌంట్ అడగండి గానీ దాన్నే నమ్ముకోవద్దు, సైలెంట్ షట్టర్‌తో (శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్) తీసినవీ, వీడియో నడిపిన గంటలూ చాలా మోడళ్ళ లెక్కలో పడవు.

బిల్లు లేకుండా తక్కువకి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. ఇండియా వారంటీ ఉండదు, పోతే పోలీసు ఫిర్యాదుకి ఆధారం ఉండదు, రేపు అమ్మేటప్పుడు ధర పలకదు. మీకు జీఎస్టీ నంబరు ఉంటే కెమెరా మీద కట్టిన 18 శాతం మీ పని మీద కట్టే పన్నులో తగ్గించుకోవచ్చు. బిల్లు మీద మీ నంబరు వేయించుకోకపోతే అదీ పోతుంది.

## చేతికొచ్చాక

ఫ్లాష్ పెట్టి సెట్టింగు మార్చగానే స్క్రీన్ నల్లగా అయిపోతోంది. కెమెరా పాడైందా?

లేదు. షట్టర్ 1/200, ఎఫ్/8, ఐఎస్‌ఓ 100 దగ్గర గదిలో ఉన్న వెలుగుకి ఫోటో నల్లగానే వస్తుందని కెమెరా చూపిస్తోంది, వెయ్యబోయే ఫ్లాష్ సంగతి దానికి తెలియదు. సోనీలో సెట్టింగ్ ఎఫెక్ట్ ఆఫ్ చెయ్యండి. కెనాన్‌లో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ డిసేబుల్ చెయ్యండి. నికాన్ జెడ్6లో అప్లై సెట్టింగ్స్ టు లైవ్ వ్యూ ఆఫ్ చెయ్యండి. దీన్ని ఒక బటన్‌కి పెట్టుకోండి, స్టేజీ దిగి క్యాండిడ్‌కి వెళ్ళగానే మళ్ళీ ఆన్ చెయ్యాలి కదా.

ఆఫ్ చేసి ఊపితే లోపల ఏదో టకటకలాడుతోంది?

బాడీలో స్టెబిలైజర్ ఉంటే సెన్సర్ అయస్కాంతాల మీద తేలుతూ ఉంటుంది. కరెంటు లేనప్పుడు వదులుగా కదులుతుంది. ఆన్ చేశాక శబ్దం ఆగితే ఏ భయమూ లేదు. ఆన్‌లో ఉండగా బొమ్మ దానంతటది వణికితే సర్వీసుకి ఇవ్వండి.

కార్డులు ఎలాంటివి, ఎన్ని?

వీడియో 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 100 మెగాబిట్లు) తీస్తే సెకనుకి పన్నెండున్నర ఎంబీ, గంటకి 45 జీబీ. దానికి వీ30 కార్డు (సెకనుకి కనీసం 30 ఎంబీ రాసేది) చాలు. వీ60, వీ90 కావాల్సింది ఇంకా పెద్ద బిట్‌రేట్ వాడినప్పుడు, లేదా వరసగా బర్స్ట్ కొట్టినప్పుడు. ఒకే 512 కంటే 128 జీబీవి నాలుగు మేలు, ఒకటి పోయినా పెళ్ళంతా పోదు. రెండో స్లాటుని బ్యాకప్‌కే పెట్టండి, ఓవర్‌ఫ్లోకి కాదు. కార్డుని కంప్యూటర్‌లో డిలీట్ చేసి మళ్ళీ వాడొద్దు, రెండు చోట్ల కాపీ అయ్యాక కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యండి.

బ్యాటరీలు ఎన్ని కావాలి?

రాత్రి ముహూర్తానికి బాడీకి మూడు. లెక్కకి 600, 700 ఫోటోలని రాసి ఉన్నా వీడియో మొదలుపెడితే ఆ లెక్క పనికిరాదు. లైవ్‌కి పెట్టిన కెమెరాకి డమ్మీ బ్యాటరీయో, టైప్-సీ పవర్ బ్యాంకో కావాలి. పవర్ బ్యాంక్ పీడీ (పవర్ డెలివరీ) రకం కాకపోతే కొన్ని బాడీలు నడుస్తూ ఛార్జింగ్ తీసుకోవు, ఇంటి దగ్గరే చూసుకుని వెళ్ళండి.

## మండపంలో

ఎల్‌ఈడీ వాల్ ముందు ఫోటోల్లో నల్ల పట్టీలు పడుతున్నాయి. ఏం చెయ్యాలి?

ముందు సైలెంట్ షట్టర్ ఆపండి. సగం కేసులు అక్కడే తీరిపోతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, చౌకరకం దీపాలు సెకనుకి 100 సార్లు వెలిగి ఆరతాయి. ఎ7 త్రీ లాంటి బాడీ సైలెంట్‌లో సెన్సర్ పైనుంచి కిందికి చదవడానికి ఇంచుమించు సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఆ లోపు దీపం ఆరేడు సార్లు మినుకుతుంది, అన్ని పట్టీలు. మెకానికల్ షట్టర్ పెట్టి 1/100కి రండి, కదలిక తక్కువైతే 1/50 ఇంకా మంచిది. వీడియో 25 ఫ్రేముల్లో, 1/50 షట్టర్‌తో తియ్యండి. అమెరికా వాళ్ళ వీడియోలు చూసి 30 ఫ్రేములు, 1/60 పెట్టుకున్నవాళ్ళకే ఈ తిప్పలు ఎక్కువ.

ఎల్‌ఈడీ వాల్ సంగతి వేరు. దాని మినుకు 100 కంటే చాలా వేగం, ఒక్కో ప్యానెల్‌ది ఒక్కో లెక్క. షట్టర్‌ని చిన్నచిన్న మెట్లలో మార్చే సదుపాయం మీ బాడీలో ఉంటే స్క్రీన్ చూస్తూ పట్టీ ఆగేదాకా తిప్పండి. లేకపోతే వాల్ నడిపే కుర్రాడిని బ్రైట్‌నెస్ పెంచమనండి. వినడానికి వింతగా ఉంటుంది గానీ, చాలా ప్యానెళ్ళు బ్రైట్‌నెస్ తగ్గించినప్పుడే ఎక్కువసేపు ఆరి ఉంటాయి.

తలంబ్రాల దగ్గర ఫోకస్ గింజల మీదికి పోతోంది

కెమెరాకి అడ్డొచ్చింది ఏదైనా కొత్త సబ్జెక్టే. ట్రాకింగ్ సెన్సిటివిటీని తగ్గించండి, అంటే పట్టుకున్న ముఖాన్ని వదలొద్దని చెప్పడం. ఫ్రేమంతా వెతికే ఏరియా వద్దు, చిన్న జోన్ పెట్టండి, లేకపోతే దగ్గరగా వంగిన పురోహితుడి ముఖమే ముందు దొరుకుతుంది. గింజలు గాల్లో ఆగినట్టు కావాలంటే 1/500, చిన్న గీతల్లా కావాలంటే 1/125. ఫ్లాష్ ఉంటే గింజల్ని అదే ఆపుతుంది. తెరసెల్లా పట్టుకున్నప్పుడు బట్ట అంచు మీద ఫోకస్ కొట్టుకుంటుంది. తెర దించకముందే వధువు కళ్ళ దూరానికి ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చుకుని సిద్ధంగా ఉండండి.

ఎర్ర పట్టుచీర ముద్దగా, నేత కనపడకుండా వస్తోంది

ఎరుపు ఛానెల్ పైకి తన్నేసింది. మామూలు హిస్టోగ్రామ్ (వెలుగు పంపకం చూపే గ్రాఫ్) చూస్తే తెలియదు, మూడు రంగులూ విడివిడిగా చూపించేది పెట్టుకోండి. ఎరుపు కుడి గోడకి తగులుతుంటే స్టాప్‌లో మూడింట రెండు వంతులు తగ్గించండి. ముఖం ఎడిటింగ్‌లో లేస్తుంది, పోయిన ఎరుపు తిరిగిరాదు. పిక్చర్ ప్రొఫైల్ వివిడ్‌లో ఉంటే స్టాండర్డ్‌కి మార్చండి. స్టేజీ లైట్లు రంగులు మారుతుంటే ఆటో వైట్ బ్యాలెన్స్ ఫోటోకో రంగు ఇస్తుంది, కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే అంకె) ఒకచోట బిగించి రా తీసుకోండి. జరీ మీద ఇంద్రధనుస్సు గీతలు వస్తే అడుగు ముందుకో వెనక్కో జరగండి చాలు.

యూట్యూబ్ లైవ్ మధ్యలో కట్ అవుతోంది

మూడొంతులు హెచ్‌డీఎంఐ కేబులే కారణం. మైక్రో హెచ్‌డీఎంఐ రంధ్రం చాలా సున్నితం, ఎవరి కాలో తగిలితే పోతుంది. కేబుల్ క్లాంపు ఉన్న కేజ్ (కెమెరా చుట్టూ వేసే చట్రం) బిగించండి. ఆటో పవర్ ఆఫ్ తీసెయ్యండి, హెచ్‌డీఎంఐ సమాచార డిస్‌ప్లే ఆఫ్ చెయ్యండి. ఎ7 త్రీ లాంటి పాత బాడీల్లో రికార్డింగ్ 29 నిమిషాల దగ్గర ఆగిపోతుంది, రికార్డు కొట్టకుండా హెచ్‌డీఎంఐ బయటికి పంపితే ఆ పరిమితి తగలదు.

డీజే లేజర్ లైట్లు కెమెరాకి హాని చేస్తాయా?

చేస్తాయి, ఒక్క క్షణంలో. లేజర్ నేరుగా లెన్సులోకి వస్తే సెన్సర్ మీద శాశ్వతంగా గీతో, మచ్చో పడుతుంది, వారంటీ వర్తించదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో వ్యూఫైండర్‌లోంచి చూసి తీస్తే ఫోటో తీసే ఆ క్షణమే సెన్సర్ బయటపడుతుంది, మిర్రర్‌లెస్‌లో ఆన్‌లో ఉన్నంతసేపూ బయటే ఉంటుంది. ఊరేగింపులో లేజర్ బండికి ఎదురుగా నిలబడొద్దు, పక్క నుంచో వెనక నుంచో తియ్యండి. ముందే మాట్లాడుకుంటే డీజే వాళ్ళు కిరణాలు పైకి తిప్పుతారు.

## తేమ, వాన, ఉప్పు

లెన్సులో ఫంగస్ రాకుండా ఏం చెయ్యాలండి?

కాలవ గట్టు ఇళ్ళలో గాలిలో తేమ 70 శాతం దాటే రోజులే ఎక్కువ. ఫంగస్‌కి అదే కావాలి, అదీ చీకటిలో, గాలి కదలని సంచిలో. తోలు కేసులో, పని అయ్యాక తడి సంచిలో ఉంచకండి. ఇద్దరు ముగ్గురు పనిచేసే స్టూడియోకి డ్రై క్యాబినెట్ కొనడం న్యాయం, దాన్ని 40 నుంచి 50 మధ్య పెట్టండి. 30 కంటే కిందికి దించినా మంచిది కాదు, లోపలి గ్రీజు, రబ్బరు ఎండిపోతాయి.

తక్కువ ఖర్చులో కావాలంటే రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బా, చిన్న తేమ మీటరు, పావు కిలో సిలికా జెల్. నారింజ గింజలు ఆకుపచ్చకి, నీలం గింజలు గులాబీకి తిరిగాయంటే నీళ్ళు తాగేశాయన్నమాట. 120 డిగ్రీల ఓవెన్‌లో గంటన్నర ఉంచితే మళ్ళీ పనికొస్తాయి. వంటకి వాడే మూకుడు వద్దు, నీలం గింజల్లో కోబాల్ట్ ఉంటుంది. బియ్యం డబ్బాలో పెట్టడం, కలరా ఉండలు వెయ్యడం రెండూ మానండి. బియ్యం దుమ్ము, కలరా ఉండల ఆవిరి లెన్సుకి మంచివి కావు. ఆషాఢంలో, మూఢంలో పని లేక కెమెరాలు నెలల తరబడి పడుంటాయి, ఫంగస్ పట్టేది అప్పుడే. వారానికోసారి బయటికి తీసి పది ఫోటోలు తియ్యండి, జూమ్ రింగు తిప్పండి.

ఏసీ హాల్లోంచి బయటికి రాగానే లెన్సు మంచు పట్టేస్తోంది

చల్లటి గాజు మీద బయటి తేమ నీరవుతుంది. గుడ్డతో తుడిస్తే మళ్ళీ పడుతుంది. బయటికి రావడానికి అరగంట ముందే కెమెరాని సంచిలో పెట్టి జిప్పు వేసి ఆ సంచిని బయట పెట్టించండి. అంత వ్యవధి లేకపోతే ఒక బాడీని ఎప్పుడూ బయటే ఉంచండి. మంచు ఉన్నప్పుడు లెన్సు మాత్రం మార్చకండి, సెన్సర్ మీద కూడా పడుతుంది.

వెదర్ సీల్ ఉంది కదా, వానలో తీసెయ్యొచ్చా?

తుంపరకి ఆగుతుంది, జోరువానకి కాదు. లెన్సు మౌంటు దగ్గర రబ్బరు లేకపోతే బాడీ సీల్ వృథా. పాలిథిన్ కవరు, రెండు రబ్బరు బ్యాండ్లు, లెన్సు హుడ్, చేతి రుమాళ్ళు నాలుగు: ఇంతే కావాలి. కనుమ నాడు కోనసీమ జగ్గన్నతోట తీర్థంలో ప్రభలు కౌశిక నది దాటేటప్పుడు నీళ్ళలో దిగి తీసేవాళ్ళు మెడ పట్టీని పొట్టిగా కట్టుకోండి, లెన్సు మార్చే పని గట్టు మీదే ముగించుకోండి.

అంతర్వేదిలో సముద్రం పక్కన తీశాక ఏం చెయ్యాలి?

ఉప్పు తుంపర ఎండాక గీకినట్టు తుడవకండి. మంచినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ, లెన్సు బయటి భాగం తుడిచి, వెంటనే పొడి గుడ్డ వెయ్యండి. ముందు గాజు మీద ఇసుక ఉంటే ముందు బ్లోయర్, తర్వాతే గుడ్డ. ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా లాగి మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి.

కెమెరా కాలవలో పడింది!

ఆన్ చేసి చూడొద్దు. బ్యాటరీ, కార్డు తీసెయ్యండి, లెన్సు విప్పండి, నీరు వంచి బయటంతా తుడవండి. డ్రయ్యర్ వేడి వద్దు, నీటిని లోపలికి తోస్తుంది. ఛార్జింగ్ అసలే వద్దు. ఆ రోజే సర్వీసుకి బయల్దేరండి. ఉప్పునీరైతే (రొయ్యల చెరువు నీరైనా అంతే) బతికే అవకాశం తక్కువ, ప్రతి గంటా లెక్కే.

సెన్సర్ మీద మచ్చలు తరచూ వస్తున్నాయి

హోమం పొగ, పసుపు, పూల రజను గాల్లో ఉండగా లెన్సు మార్చకండి. మారిస్తే బాడీని కిందికి వంచి మార్చండి. ఆఫ్ చేసినప్పుడు షట్టర్ మూసే సదుపాయం మీ బాడీలో ఉంటే ఆన్ చేసుకోండి, కానీ మూసిన ఆ పరదాని వేలితో తాకొద్దు. నోటితో ఊదడం అస్సలు వద్దు. బ్లోయర్‌తో పోనిది తడి స్వాబ్‌తో, ఒక వైపు నుంచి ఇంకో వైపుకి ఒక్కసారే, సెన్సర్ సైజుకి తగ్గ స్వాబ్‌తో.

## పని లేని రోజుల్లో

పెళ్ళిళ్ళు తీసితీసి విసుగొచ్చింది. సరదాకి ఏ లెన్సు తీసుకోను?

35 లేదా 40 మిల్లీమీటర్ల చిన్న ప్రైమ్. పెద్ద జూమ్ పెట్టుకుని లంకల్లోకి పడవెక్కితే అందరూ సర్దుకుని నిలబడిపోతారు. చిన్న లెన్సుకైతే ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. పుష్యమాసంలో తెల్లవారుజామున కడియం నర్సరీల్లో మంచు, సూర్యుడు పైకి రాకముందు అరగంట: ఎఫ్/4, ఐఎస్‌ఓ 400, వైట్ బ్యాలెన్స్ డేలైట్‌లో బిగించి పెట్టండి, ఆటోలో పెడితే ఆ నీలం పోతుంది. కోరంగి మడ అడవుల్లో పక్షులకి 400 మిల్లీమీటర్లు కావాలి, అది అద్దెకు తెచ్చుకోండి, ఏడాదిలో ఎన్నిసార్లు వాడతారు? ధవళేశ్వరం దగ్గర సూర్యోదయాన్ని టెలీ లెన్సుతో తీస్తే తీసిన వెంటనే మూత పెట్టండి, సూర్యుడు లెన్సులోంచి సెన్సర్‌నో, మూసి ఉన్న షట్టర్ పరదానో కాల్చగలడు.

అటక మీద నాన్నగారి ఫిల్మ్ కెమెరా లెన్సులున్నాయి. వాడుకోవచ్చా?

హాయిగా. వెయ్యి, రెండు వేల రూపాయల మామూలు అడాప్టర్ చాలు, మౌంటు పేరు సరిగ్గా చూసి కొనండి. లెన్సు లేకుండా షట్టర్ నొక్కే ఆప్షన్ ఆన్ చెయ్యండి, స్టెబిలైజర్‌కి లెన్సు మిల్లీమీటర్లు చేత్తో ఎక్కించండి. ఫోకస్ పీకింగ్ (పదునున్న అంచుల్ని రంగుతో చూపేది) దూరంనుంచి దారి చూపిస్తుంది, కంటిరెప్పలు పదును తేలాలంటే బొమ్మని పెద్దది చేసి చూడాల్సిందే. ముందుగా టార్చి వేసి లోపల సాలెగూడులాంటి తీగలున్నాయేమో చూడండి. ఉంటే శుభ్రం చేయించేదాకా మిగతా లెన్సుల డబ్బాలో పెట్టకండి.